కార్తె చూసి మొక్క ఇచ్చే నర్సరీ: రెండేళ్ల అనుభవం

విశాఖపట్నంలో మొక్కలకు కొరత లేదు. నర్సరీల ఊరైన కడియం నుంచి వచ్చిన గులాబీలు, మందారాలు ట్రాలీ ఆటోల్లో ఎంవీపీ కాలనీ వీధుల దాకా వస్తూనే ఉంటాయి. రోడ్డు వారగా ఆగి, బేరమాడి, రెండు మొక్కలు ఇంటికి తెచ్చుకోవడానికి పది నిమిషాలు చాలు. కొరతంతా ‘ఈ నెలలో ఈ మొక్క కొనకండి’ అని చెప్పే మనిషికే. మధురవాడ దాటి ఆనందపురం వెళ్లే దారిలో, రెండేళ్లుగా నేను వెళుతున్న ఒక నర్సరీలో అలాంటి మనిషి దొరికాడు. ఈ సమీక్షలో అక్కడి లోపాలను కూడా రాస్తున్నాను కనుక నర్సరీ పేరు చెప్పడం లేదు. మాది పెదవాల్తేరు, మూడో అంతస్తు మేడ మీద నలభై కుండీల తోట, సముద్రం మా మేడ మీదికి కనిపించేంత దగ్గర. నా అభిప్రాయాలను ఈ వివరాలు దృష్టిలో పెట్టుకుని చదవాలని మనవి.

ఈ నర్సరీ ప్రత్యేకత బిల్లుతో పాటు చేతికిచ్చే ఒక కాగితం. రెండు వైపులా జిరాక్సు తీసిన ఆ కాగితంలో ఇంగ్లీషు నెలలు చిన్న అక్షరాల్లో, కార్తెలు, అంటే నక్షత్రాల పేర్లతో ఏడాదిని ఇరవై ఏడు ముక్కలు చేసే పాత లెక్క, పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కార్తెలు పొలం పనులకే అనుకునే నాలాంటి పట్నవాసులకు మొదట అది పాతకాలపు ముచ్చటగా తోచింది. అయితే ఒక్కో కార్తె రెండు వారాల లోపు ముక్క కనుక, ‘జూన్‌లో విత్తండి’ అన్న మాట కన్నా ‘మృగశిర దాటి ఆరుద్రలో విత్తండి’ అన్న మాటే తోటపనికి ఎక్కువ అక్కరకు వస్తుందని ఏడాది తిరిగేసరికి తెలిసింది. జూన్ మొదటి వారం ఇంకా రోహిణి కార్తెలోదే. రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నది ఆ ఎండల గురించే. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వచ్చేనాటికి నాలుగు వానలు పడి, మేడ మీది కుండీలో మట్టి చల్లబడి ఉంటుంది. బీర, సొర, కాకర, బెండ గింజలను ఆ కాగితం ఆరుద్రకే కేటాయించింది. మొదటి ఏడు తొందరపడి జూన్ 2న పది బీర గింజలు పెడితే మూడు మొలిచాయి. రెండో ఏడు ఆగి పెడితే ఎనిమిది మొలిచాయి.

మిగతా వరుసలు కూడా ఇదే పద్ధతిలో సాగుతాయి. దసరాకు బంతిపూలు కావాలనుకునేవారు పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే జూలైలో, గింజలు చల్లుకోవాలి; సంక్రాంతి బంతికి హస్త, చిత్త, అంటే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మూడో వారం దాకా. వంగ, టమాటా, మిరప నారు సెప్టెంబరు చివర సిద్ధంగా ఉంటుంది. కొత్తిమీర, మెంతి, పాలకూరలను స్వాతి దాకా, అంటే అక్టోబరు చివరి వారం దాకా, ఆపమని రాసి ఉంది, ఎందుకంటే ఎండ మిగిలి ఉండగా చల్లిన కొత్తిమీర నాలుగాకులు వేసి వెంటనే పూతకు వచ్చేస్తుంది. క్యాలీఫ్లవర్ ఎదురుగా మాత్రం పెన్నుతో ‘మన చలికి చిన్న పువ్వే’ అని రాశారు. జనవరి రాత్రుల్లో కూడా పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోయే ఊరికి అంతకన్నా నిజాయితీ గల మాట ఉండదు. హైదరాబాదు మిద్దె తోటల వీడియోలు చూసి నవంబరులో పెద్ద పెద్ద ఆశలు పెట్టుకునే మా బంధువులకు ఆ వాక్యాన్ని ఫోటో తీసి పంపాను.

కాగితం కన్నా విలువైనది, వెనుక షేడ్‌నెట్ కింద పనిచేసే పెద్దాయన. శ్రీకాకుళం యాస; అందరూ ఆయనను బాబాయి అంటారు కనుక నేనూ అలాగే పిలుస్తున్నాను. మొదటిసారి నేను మందార మొక్క అడిగినప్పుడు ఆయన మొక్కను చేతికివ్వకుండా ముందు నల్ల కవరును బ్లేడుతో కోసి, లోపలి మట్టి గడ్డను నా అరచేతిలో పెట్టాడు. అది ఇటుకలా గట్టిగా ఉంది. ‘ఇదమ్మా కడియం బంకమట్టి. లారీలో వేర్లు కదలకుండా పట్టుకోడానికి మంచిదే గానీ, మీ కుండీలో దీన్నిలాగే పెట్టేస్తే పోసిన నీళ్లన్నీ పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోద్ది’ అన్నాడు. తరువాత ఆ గడ్డను బకెట్టు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, కింద చుట్టలు చుట్టుకున్న వేళ్లను విప్పి చూపించాడు. అంతకుముందు ఐదేళ్లలో మా మేడ మీద చచ్చిపోయిన మొక్కల్లో సగానికి కారణం ఆ బకెట్టు దగ్గర నిలబడ్డప్పుడు తెలిసింది. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా ఎండిపోయిన మొక్కలవి. పైమట్టి తడిగా ఉండేది కనుక నాకు అనుమానమే రాలేదు.

చామంతి విషయంలో ఆయన అడిగిన ప్రశ్నను అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు. జూలైలో నారు నాటి, నాలుగు వారాలకు తలలు తుంచి, పక్క కొమ్మలు వచ్చేలా చేసి, వేపపిండి వేసి, చెప్పినవన్నీ చేసినా మా చామంతులు డిసెంబరు చివరికి కూడా మొగ్గ తొడగలేదని ఫిర్యాదు చేశాను. ‘రాత్రిపూట ఆ కుండీల మీద లైటు ఏదైనా పడుతుందా అమ్మా?’ అని అడిగాడు. పడుతుంది. ఎదురింటి వారు దొంగల భయంతో రాత్రంతా వెలిగించే ఎల్‌ఈడీ లైటు నేరుగా మా పిట్టగోడ మీద పడుతుంది. చామంతి రాత్రి నిడివిని చూసుకుని పూసే మొక్క అని, పగళ్లు కురచబడే కాలంలో చీకటి దానికి ఎరువు లాంటిదని, రాత్రి మధ్యలో వెలుతురు పడితే ఇంకా వేసవే అనుకుని ఆకులు వేస్తూ కూర్చుంటుందని వివరించాడు. మరుసటి ఏడు అవే కుండీలను వాటర్ ట్యాంకు వెనుక చీకట్లోకి జరిపాను. కార్తిక మాసం వెళ్లకముందే మొగ్గలు కనిపించాయి. ఖర్చు సున్నా. ఇంకో నర్సరీలో ఇదే ప్రశ్న అడిగితే పూత మందు సీసా ఒకటి అంటగట్టి పంపారు.

గులాబీ కత్తిరింపు గురించి కూడా ఇక్కడి సలహా మన ఊరికి కుదిరినట్టు ఉంటుంది. చాలాచోట్ల దసరాకే కొమ్మలు కత్తిరించమంటారు. విశాఖలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వానలు ఎక్కువ. కోసిన కొమ్మ మీద వాన నిలిస్తే కొన నుంచి నల్లబడి కిందికి ఎండుతూ వస్తుంది. అందుకని బాబాయి స్వాతి కార్తె వెళ్లేదాకా కత్తెర ముట్టుకోనివ్వడు. తుఫాను జాగ్రత్తలను సైతం తోటపనిలో భాగంగానే చెబుతాడు. చిత్త కార్తె రాకముందే వేలాడే కుండీలను దించుకోవాలి, పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉంచకూడదు, పందిరి తాళ్లను ఒకసారి లాగి చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన నాడు వాళ్ల షేడ్‌నెట్ ఇనుప గొట్టాలతో సహా లేచిపోయిందట. ఆ తర్వాత వారాల తరబడి కైలాసగిరి పచ్చదనం లేకుండా మోడుబారి కనిపించడం ఈ ఊళ్లో ఉన్నవారందరికీ గుర్తే.

మల్లె గురించి ఒక్క మాట. డిసెంబరులో నీళ్లు తగ్గించి మొక్కను ఎండగట్టడానికి మనసొప్పదు. జనవరిలో ఆకులు దూసి, అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, గెత్తం వేసి మళ్లీ నీళ్లు మొదలుపెట్టమని ఆయన చెప్పినప్పుడు సందేహిస్తూనే చేశాను. ఉగాది నాటికి పూజకు బయట పూలు కొనవలసిన పని లేకపోయింది. పశువుల ఎరువును మా వైపు గెత్తం అంటారు. నర్సరీ సంచుల మీద మాత్రం ‘ఆర్గానిక్ మాన్యూర్’ అని అచ్చు వేసి, ఆ పేరుకు తగ్గ ధర పెట్టారు.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది, బాబాయికీ ముందు కౌంటరుకూ పొంతన లేకపోవడం. నిరుడు మే రెండో వారంలో వెళ్లినప్పుడు ఆయన ఊరికి వెళ్లాడు. కౌంటరులోని కుర్రవాడు మూడు అంటు గులాబీలు, ఒక్కొక్కటి 150 రూపాయల చొప్పున, ‘ఇప్పుడు పెడితే వానలకి బాగా అందుకుంటాయి మేడమ్’ అంటూ కట్టి ఇచ్చాడు. వాళ్ల కాగితంలోనే ఏప్రిల్, మే నెలలకు ఎదురుగా ‘కొత్త మొక్క వద్దు, ఉన్నవాటిని కాపాడుకోండి’ అని ఉంది. అది చదివి కూడా పూల రంగు చూసి కొన్న తప్పు నాది. రెండు మొక్కలు పది రోజుల్లో పోయాయి. మూడోది ఆగస్టులో చిగురించిందని సంబరపడ్డాను కాని, ఆ చిగురు అంటు కట్టిన చోటికి కింద నుంచి వచ్చింది. పై గులాబీ చచ్చి, కింది ముళ్ల మొక్క మాత్రం మిగిలింది. అది ఇప్పటికీ ఏపుగా పెరుగుతోంది, పూయదు. యజమానికి చెప్పాను. డబ్బు వాపసు ఇవ్వలేదు, ఒక మల్లె మొక్క ఊరికే ఇచ్చారు. బాబాయి మాత్రం తిరిగొచ్చాక ‘నేనుంటే ఇవ్వనిద్దునా’ అని నొచ్చుకున్నాడు. వేసవిలో సలహాకు తప్ప కొనుగోలుకు ఇక్కడికి వెళ్లడం నేను మానేశాను.

రెండోది వాళ్లు సంచుల్లో అమ్మే మట్టి మిశ్రమం. మట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్లలో ఉంటాయని చెబుతారు. నేను కొన్న సంచిలో ఎర్రమట్టి పాలే ఎక్కువ. ఇరవై లీటర్ల కుండీని దాంతో నింపి తడిపితే ముప్పై కిలోల దాకా తూగుతుంది. అలాంటివి పదింటిని పాత మేడ మీద ఒకే మూల పెట్టమని సలహా ఇచ్చేవారు, స్లాబు కింద దూలం ఎటు ఉందో అడగాలన్న ఆలోచన కూడా చేయలేదు. ఇప్పుడు నేను మూడు సరుకులనూ విడివిడిగా కొని ఇంట్లోనే కలుపుకుంటున్నాను.

సముద్రపు గాలి గురించి కాగితంలో ఒక్క అక్షరం లేదు. ఆనందపురం వైపు ఇళ్లకు అది అంత సమస్య కాకపోవచ్చు. పెదవాల్తేరు, లాసన్స్ బే, జాలారిపేట వైపు వాళ్లకు మాత్రం వేసవి మధ్యాహ్నాల్లో ఉప్పుగాలి ఆకుల అంచులను కాల్చేస్తుంది. నేను ప్రత్యేకంగా అడిగితే బాబాయి చెప్పాడు: గాలి గట్టిగా వీచిన రోజు సాయంత్రం ఆకులను మంచినీళ్లతో కడగాలి, గాలికి ఎదురుగా కాగితంపూలు, గన్నేరు, కలబంద పెట్టి, వాటి చాటున కూరమొక్కలు పెట్టాలి. ఎండాకాలానికి సగం నీడనిచ్చే 50 శాతం షేడ్‌నెట్ చాలని, అంతకన్నా దట్టమైనది కడితే వంగ, మిరప పూత రాల్చేస్తాయని కూడా అప్పుడే చెప్పాడు. అడగనివారికి ఈ మాటలు అందవు.

పురుగుల విషయంలో వీళ్ల తీరు నాకు నచ్చింది. పిండినల్లి పట్టిన మందార కొమ్మను కవరులో కట్టి తీసుకెళ్తే, మందు సీసా చూపించకముందే కొమ్మ మీద పాకుతున్న చీమలను చూపించారు. చీమల దారిని తెంచకుండా పిండినల్లిని వదిలించలేమట. ముందు నీటి ధారతో కడిగి, ఆ తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలిసేందుకు కాస్త సబ్బు నీరు వేసి, సాయంత్రం పూట ఆకుల అడుగున తగిలేలా కొట్టమన్నారు. వారానికి ఒకసారి చొప్పున మూడు వారాలు పట్టింది.

ధరల పట్టిక ఎక్కడా ఉండదు. అడిగిన మనిషిని బట్టి పది, ఇరవై మారుతుందని నా అనుమానం. విత్తనాల పొట్లాల మీద తేదీ చూసుకునే కొనాలి. ఆదివారం వెళితే కారు నిలపడానికి చోటు దొరకదు, బాబాయి మాట్లాడటానికి అంతకన్నా దొరకడు. పని దినాల్లో ఉదయం తొమ్మిది లోపు వెళ్లి, కౌంటరు దగ్గర ఆగకుండా నేరుగా వెనుక షేడ్‌నెట్ కిందికి నడవడం ఉత్తమం. మీ మేడకు ఎండ ఏ దిక్కు నుంచి ఎన్ని గంటలు పడుతుందో ముందే చూసుకుని వెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే. పుష్యమిలో బంతి గింజలకు వెళ్లినప్పుడు నేను కొత్త కాగితం అడిగి తెచ్చుకోవాలి. పాతదాని మీద ఎర్రమట్టి మరకలు పడి స్వాతి కార్తె వరుస కనిపించడం లేదు.