రాయగడ ఆకాశానికి ఏ నక్షత్ర చక్రం కొనాలి?

నక్షత్ర చక్రం (ప్లానిస్ఫియర్) అంటే తేదీ, గంట కలిపి తిప్పితే అప్పటి ఆకాశాన్ని చూపే పటం. చాండ్లర్ కంపెనీ 'ది నైట్ స్కై' చక్రం అక్షాంశాన్ని బట్టి వేర్వేరు రకాల్లో వస్తుంది. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి 19 డిగ్రీల దగ్గర ఉన్నాయి కాబట్టి దానికి దగ్గరి 20–30 డిగ్రీలది తీసుకోండి. చవగ్గా దొరికిందని 40–50 డిగ్రీలది కొంటే వేసవి ఆకాశం సగం పోయినట్టే. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర జ్యేష్ఠ 14 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు, మూల నేల మీంచి 3 డిగ్రీలే. ఇక్కడ అవే 45, 34 డిగ్రీల ఎత్తుకొస్తాయి. వృశ్చికం కొండితో సహా కనిపిస్తుంది.

తేదీని గంటకు ఎదురుగా తిప్పాలి. ఉత్తరానికి ఒక వైపు, దక్షిణానికి రెండో వైపు. చూసే దిక్కుకు ఎత్తి పట్టుకోవాలి. బల్ల మీద పెడితే తూర్పు పడమరలు తారుమారవుతాయి. చాలామంది చక్రమే తప్పనుకునేది ఇక్కడే. వేసవిలో గంట తగ్గించమనే సూచన ఎక్కడైనా కనిపిస్తే వదిలేయండి, మన గడియారం ఏడాదంతా ఒకటే.

మే 15 రాత్రి 9కి పెట్టి చూడండి. త్రిశంకు (సదరన్ క్రాస్) సరిగ్గా దక్షిణాన నిటారుగా ఉంటుంది. అడుగు చుక్క 8 డిగ్రీల ఎత్తులోనే, అంటే చెయ్యి చాచి పట్టిన పిడికిలంత కూడా కాదు. కొండల మధ్య ఊళ్లలో దక్షిణం తెరిపిగా ఉన్న చోటు పగలే చూసిపెట్టుకోవాలి. మనం 20కి కాస్త దిగువన ఉన్నాం గనక దక్షిణపు చుక్కలు చక్రంలో కన్నా పైన, ధ్రువ నక్షత్రం కిందా ఉంటాయి. సప్తర్షుల తోక వంపునే సాగదీస్తే స్వాతి, ఇంకా సాగదీస్తే చిత్త. 10:40 ప్రాంతంలో స్వాతి రాయగడకి నడినెత్తినే, దాదాపు వెంట్రుకవాసి తేడా లేకుండా.

పేర్లన్నీ ఇంగ్లీషే: ఆర్క్‌టరస్ స్వాతి, స్పైకా చిత్త, అంటారెస్ జ్యేష్ఠ. గ్రహాలుండవు, రాశుల దారిలో పటంలో లేని పెద్ద చుక్క స్థిరంగా వెలుగుతుంటే గ్రహమే అనుకోండి. పాశ్చాత్యుల వేసవి త్రికోణం (అభిజిత్, శ్రవణం, డెనెబ్) సాయంత్రాలకు వచ్చేసరికి మనకు వానాకాలం, మబ్బులే. మేలో అర్ధరాత్రి దాటాక చూసుకోవాలి.

కొండల మీద పోడు కాల్చే రోజుల్లో త్రిశంకు మీద ఆశ వదులుకోండి, ఆ పొగ నేలకు దగ్గరి చుక్కల్నే ముందు మింగుతుంది. గాలివాన కడిగిన మర్నాడు, అమావాస్య దగ్గర్లో అయితే మేలు. చక్రం చదవడానికి టార్చికి ఎర్ర గాజుకాగితం రెండు మూడు మడతలు చుట్టండి. ఫోన్ వెలుగు ఒక్కసారి కంట్లో పడితే, చూపు చీకటికి మళ్లీ అలవాటు పడ్డానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది.