చేతిపని నేర్చుకోవడానికి ఏ గేటు? పాలిటెక్నిక్, ఐటీఐ, అప్రెంటిస్‌షిప్‌ల రివ్యూ

ఫిట్టరో, టర్నరో, ఎలక్ట్రీషియనో కావాలనుకునే పిల్లలకు పది పాసయ్యాక మూడు దారులున్నాయి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చదవొచ్చు. ట్రేడుని బట్టి ఏడాదో రెండేళ్లో ఐటీఐ చేయొచ్చు. లేదంటే నేరుగా ఏదో కంపెనీలో అప్రెంటిస్‌గా చేరొచ్చు. ఖర్చు, కాలం, చేతికి వచ్చే పని అనే మూడు లెక్కలూ వేసి చూస్తే తీర్పు ముందే చెప్పేయొచ్చు: రెండేళ్ల ఐటీఐ, ఆపైన పెద్ద వర్క్‌షాప్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్. చేతిపనికి ఇంతకన్నా మంచి దారి ప్రస్తుతం మన రెండు రాష్ట్రాల్లో లేదు. చిక్కల్లా ఆ "పెద్ద వర్క్‌షాప్" దగ్గరే వస్తుంది. అప్రెంటిస్‌షిప్ దాదాపుగా ఒక్కసారి వాడే టికెట్. ఆ సంగతి తెలియక చాలామంది దాన్ని ప్యాకింగ్ లైన్లో చింపేసుకుంటున్నారు.

ముందు పాలిటెక్నిక్ సంగతి. అది చెడ్డదేం కాదు, కానీ అది పెట్టింది సూపర్‌వైజర్లనీ జూనియర్ ఇంజినీర్లనీ తయారుచేయడానికి. మెకానికల్ డిప్లొమాలో ఇంజినీరింగ్ గణితం, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, థర్మల్, డ్రాయింగ్ వస్తాయి. ఆకురాయి పట్టే గంటలు మాత్రం చాలా తక్కువ. ఒక సెమిస్టర్ ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉన్నా, అది ఎక్కడ దొరికిందన్న దాన్ని బట్టే దాని విలువ. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాలనుకునేవాళ్లకి ఇది సరైన దారి. లెక్కలు వచ్చి, డ్రాయింగ్ మీద ఇష్టం ఉండి, మెషీన్ నడపడం కన్నా నడిపించడం కావాలనుకునేవాళ్లకీ ఇదే. కరెంటు ఆఫీసులో జూనియర్ లైన్‌మన్ పోస్టు మీద కన్నున్నవాళ్లు మాత్రం నోటిఫికేషన్ ఒకసారి చదువుకోవాలి: అడిగేది ఎలక్ట్రీషియన్ లేదా వైర్‌మన్ ట్రేడులో ఐటీఐ, లేకపోతే ఇంటర్ ఒకేషనల్. డిప్లొమా పెద్ద చదువే, కానీ అన్ని గేట్లకీ అది తాళంచెవి కాదు.

ఐటీఐలో ఏం దొరుకుతుంది? ఇప్పటి సిలబస్ ప్రకారం ఏడాదికి 1200 గంటలు. అందులో 840 ట్రేడ్ ప్రాక్టికల్, 240 థియరీ, 120 ఎంప్లాయబిలిటీ స్కిల్స్. ఇవి కాక బయట పని చేసే చోట, లేదంటే గ్రూప్ ప్రాజెక్టుగా, 150 గంటలు. పాస్ కావాలంటే ప్రాక్టికల్‌లో 60 శాతం, థియరీలో 33 శాతం రావాలి. థియరీ కంప్యూటర్ మీద రాస్తారు. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. వెల్డర్, వైర్‌మన్ లాంటి కొన్ని ట్రేడులకి ఎనిమిదో తరగతి చాలు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం, సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది.

కాగితం మీద 840 గంటలంటే బాగానే ఉంది. ఆ గంటలు నిజంగా జరుగుతున్నాయా లేదా అన్నది చేరక ముందే కనిపెట్టొచ్చు. సాయంత్రం కాదు, ఉదయం పదకొండు గంటలకి వెళ్లి వర్క్‌షాప్ చూపించమని అడగండి. లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ చెక్కే మెషీన్) కింది ట్రేలో చిప్స్, అంటే చెక్కిన లోహపు తురుము ఉందా, టూల్‌పోస్టులో టూల్ బిగించి ఉందా? కటింగ్ ఆయిల్ వాసన రాని లేత్ షాప్ అంటే మెషీన్లు ఇన్‌స్పెక్షన్‌కి తుడిచి పెట్టుకున్నవని అర్థం. ఫిట్టింగ్ సెక్షన్లో 20 మంది బ్యాచ్‌కి సరిపడా వైస్‌లు (ముక్కని బిగించి పట్టేవి) ఉన్నాయో లెక్కపెట్టండి. వెల్డింగ్ షాపులో కాలిపోయిన రాడ్ ముక్కలు కుప్పగా ఉంటే మంచిదే. రాడ్లూ ప్లేట్లూ కొనడానికి డబ్బు లేని ఐటీఐలో వెల్డర్ చేత చాక్‌పీస్‌తో గీతలు గీయిస్తారు. ఇన్‌స్ట్రక్టర్‌కి సీఐటీఎస్ (ఐటీఐలో పాఠం చెప్పేవాళ్లకిచ్చే శిక్షణ) సర్టిఫికెట్ ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ప్రైవేట్ ఐటీఐ అయితే ఇంకో మాట: గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, ట్రేడుల వారీగా, యూనిట్ల (బ్యాచ్‌ల) వారీగా వస్తుంది. ఫిట్టర్‌కి ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉండి ఎలక్ట్రీషియన్‌కి లేకపోవచ్చు. బోర్డు మీద రాసింది కాకుండా ప్రభుత్వ పోర్టల్లో ఆ ట్రేడు, ఆ యూనిట్ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) మెషినింగ్, ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు అందులోవి. దగ్గర్లో అలాంటిది ఉంటే సీఎన్‌సీ కోర్సుకే మొదటి ఓటు. కానీ చేత్తో లేత్ నడపకుండా సీఎన్‌సీ ఎక్కినవాడికి బటన్లే తెలుస్తాయి, టూల్ ఎందుకు విరిగిందో తెలియదు.

ఎంత మంచి ఐటీఐ అయినా నేర్పలేనివి రెండు ఉన్నాయి: వేగం, తప్పు పట్టుకోవడం. ఎం10, అంటే 10 మిల్లీమీటర్ల బోల్టు పట్టే రంధ్రంలో మర కొయ్యడం ఐటీఐలోనే వస్తుంది. పిచ్ (ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు కాబట్టి 10లోంచి 1.5 తీసేసి 8.5 డ్రిల్ వేయాలి. స్టోర్లో 8.5 లేదని 8 వేస్తే మర కోసే పనిముట్టు ట్యాప్ బిగుసుకుపోయి విరుగుతుంది. నూనె వేయకపోయినా, ప్రతి అర తిప్పుకీ కొంచెం వెనక్కి తిప్పి చిప్ తెంచకపోయినా అంతే. ఐటీఐలో ట్యాప్ విరిగితే ఇంకో ముక్క ఇస్తారు. కంపెనీలో విరిగిన ట్యాప్ ఉన్న జాబ్ ఖరీదు వేలల్లో ఉండొచ్చు, దాన్ని పాడుచేయకుండా బయటికి తీయడం అక్కడే నేర్చుకుంటారు. ఎలక్ట్రీషియన్ల సంగతీ ఇంతే. బోర్డు మీద మోటారుకి స్టార్-డెల్టా స్టార్టర్ కలపడం ఒకటి. నడుస్తున్న ప్లాంటులో మోటారుని కాపాడే ఓవర్‌లోడ్ రిలే పదే పదే ఎందుకు ట్రిప్ అవుతోందో, ఒక ఫేజ్ పోయిందా, బేరింగ్ పట్టేసిందా, సెట్టింగే తప్పా అని వరసగా తేల్చడం ఇంకొకటి. ఆ రెండోదాని కోసమే అప్రెంటిస్‌షిప్.

అసలు సరుకు ఇక్కడే ఉంది, కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. ఆధారం 1961 అప్రెంటిస్ చట్టం. 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని పెట్టుకోవాలి. 2019 నిబంధనల్లోని కనీస స్టైపెండ్ నెలకి ఇలా: పది పాసైనవాళ్లకి 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000. రెండో ఏడాది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెరుగుతుంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ ఈ మొత్తాల్ని 36 శాతం పెంచమని సిఫారసు చేసింది, కాబట్టి చేరే రోజున అమల్లో ఉన్న రేటు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో చూసుకోవాలి. స్టైపెండ్ తర్వాతి నెల పదో తేదీలోపు పడాలి.

నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక) పథకం కింద ఉన్న సంస్థ అయితే స్టైపెండ్‌లో నాలుగో వంతు, 1,500 మించకుండా, కేంద్రం నేరుగా అప్రెంటిస్ ఖాతాలో వేస్తుంది. 7,000 స్టైపెండ్ అంటే కంపెనీ 5,500, కేంద్రం 1,500. ఎక్కువగా ఆగిపోయేది ఈ 1,500 దగ్గరే. ఖాతాకి ఆధార్ లింక్ లేకపోవడం ఒక కారణం. రెండోది మన దగ్గర మరీ ఎక్కువ: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా చివర ఉంటుంది, బ్యాంకులో అసలు ఉండదు. మూడు చోట్లా పేరు ఒకేలా చేయించుకున్నాకే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో రిజిస్టర్ కావడం మంచిది. తర్వాత సరిచేయించడానికి నెలలు పడుతుంది.

పోర్టల్లో పని తీరు సాదాసీదాగానే ఉంటుంది. ఫోను, ఈమెయిల్, ఆధార్‌తో రిజిస్ట్రేషన్ చేసుకుని, మెమోలు, బ్యాంకు వివరాలు ఎక్కించి, ట్రేడు, జిల్లా పెట్టి ఖాళీలు వెతుక్కుని దరఖాస్తు చేయాలి. కంపెనీ ఆఫర్ పంపుతుంది, ఒప్పుకుంటే కాంట్రాక్టు తయారవుతుంది. మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం చేయాలి. వెతకడంలో దీనికి మంచి మార్కులు ఇవ్వలేం. నిండిపోయిన ఖాళీలు కూడా చాలాసార్లు కనిపిస్తూనే ఉంటాయి, దరఖాస్తుకి జవాబు వస్తుందన్న భరోసా ఉండదు. పోర్టల్లో దరఖాస్తు పెట్టి, కంపెనీ హెచ్ఆర్‌ని గేటు దగ్గర అడగడం ఇప్పటికీ త్వరగా తేలే మార్గం.

ఆ ఒప్పుకోండి అన్న బటన్ నొక్కే ముందే ఆగాలి. రైల్వే, పెద్ద ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లలో ఒక లైను మామూలుగా ఉంటుంది: ఇప్పటికే అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు అర్హులు కారు. అంటే జూన్‌లో తొందరపడి ఏదో చిన్న కంపెనీ కాంట్రాక్టు ఒప్పుకున్న ఫిట్టర్‌కి, ఆ తర్వాత లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌కి దరఖాస్తు పెట్టుకునే వీలు పోతుంది. దక్షిణ మధ్య రైల్వే ఎంపికకి రాత పరీక్ష లేదు. పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు మీదే మెరిట్ లిస్టు. పదిలో కనీసం 50 శాతం ఉండాలి. వయసు 15 నుంచి 24, రిజర్వేషన్ వర్గాలకి సడలింపు ఉంటుంది. ఐటీఐలో ప్రాక్టికల్ మార్కులు ముఖ్యం అనేది ఇందుకే. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకి లెవెల్-1 (మొదటి మెట్టు ఉద్యోగాల) నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయించి ఉన్నాయి. ఉద్యోగం గ్యారంటీ కాదు, కానీ బయటివాళ్లకి లేని వరస అది. విశాఖ నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, సింగరేణి కూడా ఐటీఐ వాళ్లని తీసుకునే చోట్లే. ఐటీఐ ఫలితాలు వచ్చాక వీటి నోటిఫికేషన్ల కోసం కొన్ని నెలలు ఆగడం, చేతికొచ్చిన మొదటి ఆఫర్‌ని పట్టుకోవడం కన్నా చాలాసార్లు లాభం.

అందరికీ అక్కడ సీటు రాదు కాబట్టి ప్రైవేటు సంస్థని పరీక్షించడం తెలియాలి. కాంట్రాక్టులో ట్రేడు పేరు చదవండి. ఫిట్టర్, టర్నర్ లాంటివి నిర్ణీత ట్రేడులు, వీటికి చివర ఆలిండియా ట్రేడ్ టెస్టు, నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఉంటాయి. "ప్రొడక్షన్ అసోసియేట్", "అసెంబ్లీ ఆపరేటర్" తరహా పేర్లున్నవి కంపెనీలు సొంతంగా రూపొందించుకునే ఐచ్ఛిక ట్రేడులు కావొచ్చు. వాటిలో అన్నీ పనికిరానివి కావు, కానీ ఫిట్టర్‌గా ఎదగాలనుకునేవాడికి అవి పక్కదారి. పే స్లిప్‌లో పీఎఫ్, ఈఎస్ఐ కోతలు కనిపిస్తే అనుమానించాలి. ఈ చట్టం కింద అప్రెంటిస్‌కి ఆ రెండూ వర్తించవు, కాబట్టి కోత ఉందంటే మిమ్మల్ని చాలావరకు కాంట్రాక్టు కూలీగానో, "ట్రైనీ" అనే పేరుతోనో రాసుకున్నారు. ఆ ఏడాది గడిచినా సర్టిఫికెట్ రాదు. ముక్కకింత అని ఇస్తామంటే అదీ చట్టంలో కుదరదు, అప్రెంటిస్‌కి పీస్ రేటు నిషిద్ధం. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైం కూడా చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమాని బాధ్యత.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మొదటి రెండు నెలల్లో ఒక్కటి గమనించాలి: సెక్షన్లు మారుస్తున్నారా లేదా. ఫిట్టర్‌ని మెయింటెనెన్స్, అసెంబ్లీ, టూల్ రూమ్‌లలో తిప్పితే అది శిక్షణ. ఏడాదంతా ఒకే డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర నిలబెడితే అది చవక కూలీ. మొదటి సందర్భంలో 7,000 తక్కువేమీ కాదు, రెండో సందర్భంలో ఆ డబ్బుకి బయట రోజుకూలీయే నయం. కాంట్రాక్టు మధ్యలో మానేస్తే ఖర్చులు కట్టమనే హక్కు యజమానికి ఉంది, యజమాని తప్పు వల్ల రద్దయితే పరిహారం అప్రెంటిస్‌కి రావాలి. కాబట్టి చెప్పకుండా మానేయకూడదు, ముందు జిల్లా ఐటీఐలోని అప్రెంటిస్‌షిప్ విభాగంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

నాలుగో దారి ఒకటుంది, దాన్ని ఏ పోర్టల్లోనూ చూపించరు: విజయవాడ ఆటోనగర్‌లోనో బాలానగర్‌లోనో మేస్త్రీ దగ్గర చేరడం. ఇంజిన్ పనీ, లేత్ పనీ ఇంత లోతుగా నేర్పే చోటు మరొకటి దొరకడం కష్టం. కాగితం ఒక్కటే ఉండదు. తర్వాత ఆర్‌పీఎల్ (ముందే వచ్చిన పనికి గుర్తింపునిచ్చే పథకం) కింద నైపుణ్య ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు, కానీ అది ఐటీఐ సర్టిఫికెట్‌కి బదులు కాదు, రైల్వే టెక్నీషియన్, అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకి పనికిరాదు. సొంత షాపు పెట్టుకోవాలనే పట్టుదల ఉన్నవాళ్లకే ఇది. ఐటీఐ సెలవుల్లో మేస్త్రీ దగ్గర పనిచేస్తే రెండు లాభాలూ ఉంటాయి, అలా చేసే కుర్రాళ్లు ట్రేడ్ టెస్టులో తేలిగ్గా గుర్తుపట్టేలా ఉంటారు.

టూల్ అండ్ డై (ఫ్యాక్టరీ అచ్చులు, పనిముట్లు చేసే) పని మీదే మనసున్నవాళ్లు ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ప్రవేశ పరీక్ష రాయాలి. 1968 నుంచి ఉన్న సంస్థ. పది తర్వాత నాలుగేళ్ల టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమాలో కాలేజీ, వర్క్‌షాప్ రెండూ ఒకేచోట ఉంటాయి.

ఐటీఐలో చేరితే చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయం మాత్రం పెట్టుకోనక్కర్లేదు. రెండేళ్ల ఐటీఐ తర్వాత బ్రిడ్జి కోర్సు చేసి డిప్లొమా రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. తెలంగాణలో దానికి ఎల్పీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. అప్రెంటిస్‌షిప్ ఏడాదిలోనే ఆ లెక్కల పుస్తకం తెరిచి ఉంచుకుంటే మంచిది, ఎందుకంటే ఆ ప్రవేశాల్లో పిల్లలు తడబడేది లెక్కల దగ్గరే.