“మందు పట్టించే పంపాను కదమ్మా” అన్నాడు: ఆయన దగ్గర పెట్టలు కొనబోయేవాళ్లు ఒక్కసారి ఆగండి

పొద్దున మా ఎర్ర పెట్ట కూడా పోయింది. దానితో ఎనిమిది. పెరట్లో గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చి, చేతులు కడుక్కుని ఇది రాస్తున్నాను. కోపంలో ఉన్నాను, రాత అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

అమ్మినాయన మీలో చాలామందికి తెలుసు. వారం వారం వీడియో పెడతాడు, పెట్టను చంకలో పెట్టుకుని “టీకాలన్నీ అయిపోయాయి, ఆరోగ్యానికి నాదీ పూచీ” అంటాడు. ఆయనే. పద్దెనిమిది రోజుల కిందట 8 పెట్టలు తీసుకున్నాను. ఒక్కోటి 550, ఆటోకి 300 వేరే. మాకు అప్పటికే 13 పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఆ రోజు ముసురు, చీకటి పడింది, వేరే గూడు లేదు. పాతవాటితోనే కలిపేశాను. “కొన్నాళ్లు విడిగా ఉంచవే” అని మా అత్తయ్య చెబుతూనే ఉంది. వినలేదు. ఇంత జరిగినా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

దించేటప్పుడే రెండు పెట్టలకు రెక్క మొదట్లో ఈకలు అట్టకట్టి, గోధుమ రంగులో బిరుసుగా ఉన్నాయి. గంపలో తొక్కిసలాటకి బురద అంటుకుందనుకున్నాను. బురద కాదు. ముక్కూ కళ్లూ కారే కోడి మెడ వెనక్కి తిప్పి ఆ ఈకలకే తుడుచుకుంటుంది. అది ఎండి అట్టకడుతుంది. చేత్తో తడిమి కూడా వదిలేశాను. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది.

మూడో రోజు తుమ్ములు మొదలయ్యాయి. నాలుగో రోజు రాత్రి టార్చిలైటు పట్టుకుని గూటి దగ్గరికి వెళ్తే లోపల్నించి గురగురమని చప్పుడు, గంజి ఉడుకుతున్నట్టు. ఒక పెట్టను బయటికి తీసి చూస్తే కంటి మూల సబ్బు నురగలా చిన్న చిన్న బుడగలు. నోరు తెరుచుకుని, మెడ చాచి గాలి పీలుస్తోంది.

ఫోన్ చేశాను. ప్రయాణం బడలికమ్మా, పసుపూ వెల్లుల్లీ నూరి పెట్టండి అన్నాడు. పెట్టాను. తగ్గలేదు. మందుల షాపులో అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ గొట్టాలు తెచ్చి, విప్పి నీళ్లలో కలిపి మూడు రోజులు పట్టాను. అది నేను చేసిన రెండో తప్పు. ఆ మూడు రోజుల్లో మా పాత పెట్టలకీ అంటుకుంది. మొదటి చావులు కూడా అప్పుడే.

చావులు మొదలయ్యేసరికి నా గుండె ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో తణుకు పక్కన వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాలకు ఫారాలే పూడ్చేశారు, మాకు అదంతా దగ్గరే. పిల్లల్ని పెరట్లోకి రానివ్వకుండా తలుపు గడియ పెట్టి, పశువుల డాక్టరు గారికి కబురు పెట్టాను. ఆయన ముందు మందను చూశారు. ఒక్కసారిగా గుంపులు గుంపులుగా చావలేదు, తురాయిలు నీలం రంగుకు తిరగలేదు. కొక్కెర తెగులులో కనిపించే ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలితిరగడం కూడా లేవు. ఆ తర్వాత చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని చనిపోయినదాన్ని కోసి చూపించారు. లోపల గాలి సంచులు ఉల్లిపొరలా పల్చగా, అవతలి వైపు కనపడేలా ఉండాలట. మా పెట్టవి మసకబారి, మధ్యలో పసుపుగా విరిగిన పెరుగులాంటి ముద్దలు. గొంతు గొట్టం నిండా జిగురు. సీఆర్‌డీ అన్నారు, పాతబడితే వదలని శ్వాస జబ్బు. దానికి మూలం మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి. దానికి పైన గోడ ఉండదు. అమాక్సిసిలిన్ పనిచేసేదే ఆ గోడ మీద. గోడే లేని జీవిని అది ఏం చేస్తుంది? నా మూడు రోజులూ అలా పోయాయి. డాక్టరు గారు టైలోసిన్ రాసిచ్చి, చలికని నేను గూటి చుట్టూ బిగించి కట్టిన పట్టా విప్పించారు. రెట్ట ఘాటుకి ఊపిరి ఇంకా పాడవుతుందట.

టీకాలన్నీ వేశారంటగా అని అడిగాను. “కొక్కెర టీకా కొక్కెరకే పనిచేస్తుందమ్మా. అది వైరస్, ఇది వేరు. వేసినా ఇది ఆగదు” అన్నారు. ఆ కొక్కెరకే మొదటి వారంలో కంట్లో టీకా చుక్క వేశారా, ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకా సూది వేశారా, ఏ తేదీల్లో వేశారో కనుక్కోమన్నారు.

సాయంత్రం అది కనుక్కుందామనే ఫోన్ చేశాను, గొడవ పెట్టుకోవాలని కాదు. తేదీలు అడిగేసరికి గొంతు మారిపోయింది. “మీ ఇంట్లో రోగం పెట్టుకుని నా మీద పడతారేంటి మేడం” అన్నాడు. అంతకుముందు దాకా అమ్మా అమ్మా అన్న మనిషి. మీ దగ్గర్నించి వచ్చినవే ముందు తుమ్మాయండీ అన్నాను. అప్పుడన్నాడు ఆ మాట:

“నేను నాలుగు రోజులు మందు పట్టించే పంపాను కదమ్మా. తర్వాత మీరు చూసుకోకపోతే నేనేం చేయను?”

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. దేనికండీ మందు, బాగున్న కోళ్లకి మందెందుకు పట్టించారు అని అడిగాను. అటు నుంచి మాట లేదు. వెనకాల ఆయన కోళ్ల అరుపులు మాత్రం వినపడుతున్నాయి. రెండోసారి అడిగాను. “కోళ్లేగా మేడం. చచ్చేలోపు కోసుకు తినండి, డబ్బులు ఊరికే పోవు” అని పెట్టేశాడు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

అంటే తెలుసు. తుమ్ముతున్నవాటికే మందు పోసి, చప్పుడు అణిగాక వీడియో తీసి అమ్మాడు. మందు ప్రభావం మా ఇంట్లో దిగిపోయింది. డబ్బుల సంగతి పక్కన పెట్టండి. వచ్చిన రెండో రోజు నుంచే అందులో రెండు పెట్టలు గుడ్లు పెట్టాయి. కొత్త పెట్టల గుడ్లని నేను మురిసిపోయి మా పిల్లలిద్దరికీ అట్టు వేసి పెట్టాను. ఏ మందో, ఎంత పోశాడో తెలియదు. మందు తాగిన కోడి గుడ్లను ఇన్నాళ్లని గడువు దాటేదాకా తినకూడదు. ఆ ఒక్క మాట దించేటప్పుడు చెప్పి ఉంటే చాలు. నా పిల్లలు తిన్నారండీ ఆ గుడ్లు.

చనిపోయినవాటిలో ఆయనవి మూడు, మావి అయిదు. మిగిలినవి తేరుకుంటున్నాయి, మేత ముడుతున్నాయి. కానీ ఈ జబ్బు తగిలిన కోడి తగ్గినట్టు కనపడినా లోపల మోస్తూనే ఉంటుందట, గుడ్డు ద్వారా పిల్లకీ పోతుంది. మా బొల్లి పెట్ట పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. నిన్న వాటిని దాని కిందనుంచి తీసేశాను. అది ఇంకా ఖాళీ తట్టలోనే కూర్చుని ఉంది, దగ్గరికి వెళ్తే ఈకలు రిక్కిస్తోంది. ఈ మందలో ఒక్కదాన్ని కూడా నేను ఎవరికీ అమ్మను, ఊరికే కూడా ఇవ్వను.

కొనేవాళ్లు రెక్క మొదలు తడిమి చూడండి. చీకటి పడ్డాక వెళ్లి గూటి దగ్గర నిలబడి వినండి, పగటి సందడిలో ఆ గురక తెలియదు. టీకా అంటే పేరూ తేదీ అడగండి. తెచ్చాక మూడు నాలుగు వారాలు విడిగా, నీళ్ల గిన్నె కూడా వేరుగా. జబ్బు కనిపిస్తే పశువైద్య సాయానికి 1962కి ఫోన్ చేయండి, ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా అదే నంబరు. ఒకేసారి ఎక్కువ చస్తే మాత్రం మీరు కోయొద్దు, ముట్టుకోవద్దు.

నిన్న రాత్రి ఆయన కొత్త వీడియో పెట్టాడని మా చెల్లెలు పంపింది. వరసలో మూడోది, నల్ల మచ్చల బూడిద రంగు పెట్ట. ఎడమ రెక్క మొదట్లో అదే గోధుమ రంగు అట్ట. ఎవరైనా దాన్ని ఇప్పటికే తెచ్చుకుని ఉంటే, ఇవాళే మీ కోళ్ల నుంచి వేరు చేసేయండి.