బయట ఒక సెమిస్టర్: డార్మ్‌లో ఉండే టీచర్ రివ్యూ

అమెరికా బోర్డింగ్ స్కూళ్లలో పదకొండో తరగతి పిల్లలు ఒక సెమిస్టరో, ఏడాదో వేరే చోట చదివి వచ్చే ప్రోగ్రాములకి రివ్యూలు చాలానే కనిపిస్తాయి. ఎక్కువగా వెళ్లొచ్చిన పిల్లలో, వాళ్ల అమ్మానాన్నలో రాసినవే. నేను ఒక బోర్డింగ్ స్కూల్లో లెక్కలు చెప్తాను, కాపురం అమ్మాయిల డార్మ్‌లోనే, అంటే హాస్టల్లోనే. వెళ్లే పిల్లకి సూట్‌కేసు సర్దించేదీ, ఉండిపోయిన రూమ్మేట్ మొహం చూడాల్సిందీ నేనే కాబట్టి, నా రివ్యూ ఆ రెండో పిల్ల వైపు నుంచి.

ప్రోగ్రాముల్లో లోపమేం లేదు. వెర్మాంట్‌లోని మౌంటెన్ స్కూల్ 1984 నుంచి నడుస్తోంది. సెమిస్టర్‌కి 45 మంది ఉంటారు. పొలం పనీ, పశువుల్ని చూసుకోవడం, కట్టెలు కొట్టడం అన్నీ చదువులో భాగమే. కొలరాడోలోని హై మౌంటెన్ ఇన్‌స్టిట్యూట్ అయితే పిల్లల వీపుకి సంచులు తగిలించి కొండల్లోకి తీసుకుపోతుంది. విదేశం కావాలంటే 1964లో ఫిలిప్స్ అకాడమీ అనే బోర్డింగ్ స్కూల్ మొదలుపెట్టిన స్కూల్ ఇయర్ అబ్రాడ్ ఉంది. అందులో స్పెయిన్‌లోనో, ఫ్రాన్స్‌లోనో అక్కడి కుటుంబంతోనే ఉండి చదువుకోవాలి.

వెళ్లొచ్చిన పిల్లలో మార్పు నాకు ముందు కనిపించేది వంటగదిలో. ఎవరూ చెప్పకుండానే సింకులో గిన్నెలు మాయమవుతాయి. ఒకమ్మాయి పొలం ప్రోగ్రాం నుంచి వచ్చాక డైనింగ్ హాల్లో పారేసే తిండిని తూకం వేద్దామని పట్టుబట్టింది. మొదట్లో అందరూ విసుక్కున్నారు. తర్వాత ఏ బల్ల దగ్గర తక్కువ పారేశారన్నది పోటీ అయి కూర్చుంది. ఇలాంటివి మా మీటింగుల వల్ల అయ్యే పనులు కావు.

ఇక ఖాళీల సంగతి. చిన్న స్కూల్లో పదకొండో తరగతి నుంచి నలుగురు వెళ్లిపోతే హాకీ జట్టుకి గోల్‌కీపర్ ఉండదు, పాటల బృందంలో కింది స్వరం పల్చబడుతుంది. తొమ్మిదో తరగతి చిన్నపిల్లలు రాత్రి ఇంటిమీద బెంగతో తలుపు కొట్టేది ఈ పెద్దక్కల గదులకే. రూమ్మేట్ విషయం ఇంకా ఇబ్బంది. సగం ఏడాదికి ఆ మంచంలోకి కొత్త పిల్లని పంపుతారు. సర్దుకునేలోపు పాత పిల్ల తిరిగొస్తుంది. అప్పుడు ఎవరు ఎక్కడ పడుకోవాలన్నది స్కూల్ ఆఫీసుకి గదుల లెక్క, నాకు మాత్రం ఏడుపుల పంచాయితీ.

అసలు తప్పు స్కూళ్లది. మా స్కూల్లో డార్మ్ ప్రిఫెక్టుల, అంటే డార్మ్‌లో బాధ్యత తీసుకునే విద్యార్థి నాయకుల ఎన్నిక వసంతకాలంలో పెడతారు. సరిగ్గా అప్పుడే బయట ఉన్న పిల్లకి ఒక ఈమెయిల్ పంపి చేతులు దులుపుకుంటారు. బాధ్యతగా ఉండడం బాగా నేర్చుకొస్తున్న పిల్లకే ఆ పదవి దక్కదు. తిరిగొచ్చాక అసెంబ్లీలో ఐదు నిమిషాల స్లైడ్ షో, చప్పట్లు, అంతే. అక్కడ చిన్న గుంపులో అందరూ కలిసి నిర్ణయాలు తీసుకున్న పిల్ల, ఇక్కడ పదిన్నరకి లైట్లు ఆర్పమంటే ఎందుకని అడుగుతుంది. అడగడం తప్పా? కొందరు సహోద్యోగులకి అది పొగరులా కనిపిస్తుంది. నాకైతే ఆ ప్రశ్నలే ఇష్టం, రాత్రి పదిన్నరకి తప్ప.

డబ్బు గురించి కూడా చెప్పాలి. కొన్ని స్కూళ్లలో ఆర్థిక సాయం పిల్లతోపాటు ప్రోగ్రాంకి వెళ్తుంది, కొన్నింట్లో వెళ్లదు. వెళ్లని చోట సాయం మీద చదివే పిల్లలు ఎప్పుడూ ఉండిపోయేవాళ్లే అవుతారు. ఆ గీత భోజనాల బల్లల దగ్గర కూడా తెలుస్తుంది.

ప్రోగ్రాములకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. వాటిని మా స్కూల్ వాడుకునే తీరుకి రెండున్నర, అందులో అర తిండి తూకం పిల్లది. మీ పిల్లని పంపేముందు ప్రోగ్రాం బ్రోషర్ పక్కనపెట్టి సొంత స్కూల్‌ని అడగండి: తిరిగొచ్చాక గది ఎవరితో, ఎన్నికలో దూరం నుంచి నిలబడొచ్చా, సాయం వెంట వస్తుందా అని. లెక్కల సిలబస్ రెండు చోట్లా కలుస్తుందో లేదో కూడా టీచర్‌తో ముందే చూపించుకోండి. సెలవులకి ముందు అడిగితే కూర్చుని పోల్చి చూస్తాం. ఆగస్టు ఆఖరి వారంలో అడిగితే మాత్రం విసుక్కుంటూ చూస్తాం.