బీకాం, బీబీఏ విద్యార్థులకు నిస్మ్ పరీక్షలు: ఫైనాన్స్‌లో ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికి ఎంతవరకు పనికొస్తాయి?

డిగ్రీ రెండో ఏడాది గడిచేసరికి కామర్స్ విద్యార్థి ముందుకు వచ్చే ప్రశ్న ఒకటే. ఫైనాన్స్ సరే, ఫైనాన్స్‌లో ఏది? మార్కెట్లా, ఫండ్ ఆపరేషన్సా, కంపెనీల విశ్లేషణా, బ్యాంకు రుణాలా? కాలేజీ పేపర్లు సిద్ధాంతం చెబుతాయి కానీ ఆ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారో చెప్పవు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక మైనర్ (ఉప సబ్జెక్టు) ఏది తీసుకోవాలన్న ప్రశ్న కూడా తోడైంది. ఈ స్థితిలో చాలామంది లక్ష రూపాయల చుట్టూ ఖర్చయ్యే, పెట్టుబడుల విశ్లేషణపై అంతర్జాతీయ కోర్సు అయిన సీఎఫ్ఏ లెవెల్ 1 వైపో, ఏదో ఒక కోచింగ్ ప్యాకేజీ వైపో తొందరపడి వెళ్తున్నారు. అంత డబ్బు పెట్టే ముందు నిస్మ్ పరీక్షలను ఒకసారి చూడాలి.

నిస్మ్ అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్. 2006లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ స్థాపించింది. క్యాంపస్ మహారాష్ట్రలోని పాతాళగంగ దగ్గర ఉంది. బ్రోకర్ దగ్గర డీలరుగానో, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటరుగానో, రీసెర్చ్ అనలిస్టుగానో పనిచేయాలంటే నిబంధనల ప్రకారం ఆయా పరీక్ష పాసవ్వాలి. అంటే ఇవి ఆ పనుల్లో ఉన్నవాళ్ల కోసం పెట్టిన పరీక్షలు. విద్యార్థికి అసలు లాభం అక్కడే ఉంది. ఏ పరీక్ష వర్క్‌బుక్ (నిస్మ్ ఇచ్చే పాఠ్యపుస్తకం) తెరిచినా ఆ ఉద్యోగానికి కనీసం ఏం తెలియాలో నేరుగా కనిపిస్తుంది. పైగా వర్క్‌బుక్ పీడీఎఫ్ ఉచితం. ఫీజు కట్టాల్సింది పరీక్ష రాసేటప్పుడే. మామూలు పరీక్షలకు రూ. 1,500, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ లాంటి పెద్దవాటికి రూ. 3,000. పన్నులు కలిపి ఎంతవుతుందో చెల్లింపు పేజీలో చూసుకోవాలి.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. ఈ వర్క్‌బుక్కుల్లో ఆ మెతుకులు మూడు: సిరీస్ 5ఏ, సిరీస్ 8, సిరీస్ 15. వెబ్‌సైట్లో ఈ అంకెలు రోమన్ సంఖ్యల్లో ఉంటాయి, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

మొదట 5ఏ, అంటే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్స్ పరీక్ష. 100 ప్రశ్నలు, 2 గంటలు, పాస్ మార్కు 50, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలకూడదు. రోజుకు గంట చొప్పున నెల రోజులు చదివితే సరిపోతుంది. సులువు కదా అని తీసిపారేయొద్దు. ఫండ్‌ను పెట్టే స్పాన్సర్, మదుపరుల తరఫున చూసే ట్రస్టీ, డబ్బు నిర్వహించే ఏఎంసీ, షేర్లను భద్రపరిచే కస్టోడియన్, మదుపరుల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌లలో ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇంత స్పష్టంగా చెప్పే పుస్తకం డిగ్రీ స్థాయిలో దొరకడం కష్టం. హైదరాబాద్ విద్యార్థులకు ఇందులో ఇంకో ప్రయోజనం ఉంది. దేశంలోని పెద్ద రిజిస్ట్రార్ సంస్థల్లో ఒకటైన కేఫిన్ టెక్నాలజీస్‌కు ఇక్కడ పెద్ద కార్యాలయం ఉంది. విదేశీ ఫండ్ల లెక్కలు చూసే కార్యాలయాలు కూడా నగరంలో ఉన్నాయి. ఫోలియో (మదుపరి ఖాతా), కటాఫ్ సమయం, ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ నికర విలువ) గురించి ఈ వర్క్‌బుక్ చెప్పేది అక్కడి వాళ్ల రోజువారీ పనే.

ఇందులో లెక్కలు చిన్నవే, తప్పులు జరిగేదీ అక్కడే. స్కీమ్ దగ్గరున్న షేర్ల మార్కెట్ విలువ రూ. 500 కోట్లు, నగదు, రావాల్సినవి కలిపి రూ. 8 కోట్లు, చెల్లించాల్సినవి రూ. 3 కోట్లు, యూనిట్లు 20 కోట్లు అనుకోండి. నికర ఆస్తి రూ. 505 కోట్లు, ఎన్ఏవీ రూ. 25.25. ఎగ్జిట్ లోడ్ (యూనిట్లు వెనక్కిచ్చేటప్పుడు కోసుకునే మొత్తం) 1 శాతం ఉంటే చేతికొచ్చేది యూనిట్‌కు 24.9975. చాలామంది చెల్లించాల్సినవి తీసేయడం మర్చిపోతారు, లేదా షేర్లను కొన్న ధరకు లెక్కేస్తారు. ఎన్ఏవీ రూ. 12 ఉన్న స్కీమ్ రూ. 120 ఉన్న స్కీమ్ కన్నా చవక అనుకోవడం ఇంకో పొరపాటు. షేరు ధరకు అలవాటుపడిన కన్నుతో ఎన్ఏవీని చూడటం వల్ల ఇది జరుగుతుంది. ఇలాంటి లెక్కను పైసాతో సహా తేల్చడం మీకు తృప్తినిస్తే ఫండ్ అకౌంటింగ్, ఆపరేషన్స్ మీకు సరిపోయే దారి కావచ్చు. అప్పుడు సెక్యూరిటీస్ ఆపరేషన్స్ మీద ఉన్న సిరీస్ 7 కూడా తిరగేయండి. లెక్కల కన్నా మదుపరితో మాట్లాడటం, వాళ్ల అవసరానికి తగిన స్కీమ్ ఎంచడం నచ్చితే అది డిస్ట్రిబ్యూషన్, ఆర్థిక సలహాల వైపు. అయితే 5ఏ పాసైనంత మాత్రాన ఫండ్లు అమ్మడానికి లేదు. మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన ఆంఫీ దగ్గర ఏఆర్ఎన్ (డిస్ట్రిబ్యూటరు నమోదు) నంబరు కూడా తీసుకోవాలి.

సిరీస్ 8 ఈక్విటీ డెరివేటివ్స్‌ది, అంటే షేర్ల ధరల మీద ఆధారపడే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాలది. అసలు రుచి తెలిసేది ఇక్కడే. 100 ప్రశ్నలు, 2 గంటలు, పాస్ మార్కు 60, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇంటర్‌లో ఎంఈసీ చదివినవాళ్లకు లెక్కలు అంత భారం కావు. సీఈసీ నుంచి వచ్చినవాళ్లు మాత్రం మొదటి వారం శాతాలు, వడ్డీ లెక్కలు మళ్లీ చేసుకుని మొదలుపెట్టడం మంచిది. ఎవరికైనా రోజుకు గంటన్నర చొప్పున అయిదారు వారాలు కావాలి.

వర్క్‌బుక్ ఇంగ్లిష్ పొడిపొడిగా ఉంటుంది. ఆప్షన్ల అధ్యాయాన్ని బట్టీ పట్టి బోల్తా పడేవాళ్లు ఎక్కువ. దాన్ని తెలుగులో ఆలోచించుకుని రాసుకుంటే తేలిక. కొన్నవాడికి హక్కు, అమ్మినవాడికి బాధ్యత. హక్కు కోసం కొన్నవాడు కట్టేది ప్రీమియం. కాల్ అంటే కొనే హక్కు, పుట్ అంటే అమ్మే హక్కు. ఈ వాక్యాలు స్థిరపడితే చెల్లింపు పట్టికలు వాటంతటవే వస్తాయి. ఉదాహరణకు స్ట్రైక్ (హక్కు వాడుకునే ధర) 500, ప్రీమియం 20 పెట్టి కాల్ కొన్నారు. బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం రెండూ లేని ధర) 520. గడువు రోజు షేరు 510 దగ్గర ముగిసింది. బ్రేక్ ఈవెన్ రాలేదు కాబట్టి హక్కు వాడకూడదని రాసేవాళ్లు చాలామంది. అది తప్పు. ప్రీమియం ఎలాగూ పోయింది. హక్కు వాడితే 10 వెనక్కి వస్తుంది, నికర నష్టం 10. వాడకపోతే మొత్తం 20 పోతుంది. ఫ్యూచర్స్ (ముందు తేదీకి కొనుగోలు ధరను ఇప్పుడే ఖాయం చేసే ఒప్పందం) ధర లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. షేరు రూ. 2,000, వడ్డీ ఏడాదికి 7 శాతం, గడువు 3 నెలలు అయితే సాధారణ వడ్డీ ప్రకారం న్యాయమైన ధర రూ. 2,035. మధ్యలో రూ. 15 డివిడెండ్ వస్తుందని తెలిస్తే 2,020. డివిడెండును తీసేయాలా కలపాలా అన్న దగ్గర తడబడితే, షేరు చేతిలో ఉన్నవాడికే డివిడెండ్ వస్తుంది, ఫ్యూచర్ కొన్నవాడికి రాదు అన్నది గుర్తు చేసుకోండి.

ఆప్షన్ ధర దేనివల్ల ఎంత మారుతుందో కొలిచే డెల్టా, గామా, వేగా, థీటాల అధ్యాయం దగ్గర ఆగి మిమ్మల్ని మీరు గమనించుకోండి. ఇంకో లెక్క చేసి చూడాలనిపిస్తే రిస్క్, క్వాంటిటేటివ్ పనుల వైపు వెళ్లొచ్చు. అప్పుడు మైనర్‌గా స్టాటిస్టిక్స్ తీసుకోవడం తెలివైన పని. పేజీ ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తే అదీ విలువైన జవాబే, ఆ దారి మూసేయండి. పాస్ సర్టిఫికెట్‌ను ట్రేడింగ్‌కు లైసెన్సుగా మాత్రం చూడొద్దు. 2024 సెప్టెంబరులో సెబీ ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం రూ. 1.8 లక్షల కోట్లు దాటింది. చేతిలో కాలేజీ ఫీజు డబ్బు తప్ప ఇంకేమీ లేని పిల్లలు ఈ పరీక్ష చదివిన ఉత్సాహంలో ఆప్షన్లు కొనడం నిజంగా బాధ కలిగించే విషయం.

నెగెటివ్ మార్కుల గురించి లెక్క వేసి చూద్దాం. 80 ప్రశ్నలు రాసి 64 సరైతే 16 తప్పులకు 4 మార్కులు పోయి సరిగ్గా 60 వస్తాయి, పాస్. అదే 100 రాసి 66 సరైతే, 34 తప్పులకు 8.5 పోయి 57.5 దగ్గర ఆగిపోతారు. నాలుగు ఎంపికల్లో గుడ్డిగా పెడితే 16 ప్రశ్నలకు సగటున 4 సరి, 12 తప్పు, మిగిలేది ఒక్క మార్కు. రెండు ఎంపికలను ఖాయంగా కొట్టేయగలిగితే అదే 16 ప్రశ్నలకు సగటున 6 మార్కులు వస్తాయి. కాబట్టి రెండు ఎంపికలు కొట్టేశాకే ఊహించండి. అంతవరకు రాకపోతే వదిలేయండి.

సిరీస్ 15, రీసెర్చ్ అనలిస్ట్, మూడింటిలో బరువైనది. 100 మార్కులు, పాస్ మార్కు 60, ఇక్కడా పావు కోత ఉంది, కేసు ఇచ్చి అడిగే ప్రశ్నలూ ఉంటాయి. కార్పొరేట్ అకౌంటింగ్ గట్టిగా రాకుండా దీని జోలికి వెళ్లొద్దు. కాలేజీలో బ్యాలెన్స్ షీట్ కలిపితే చాలు, ఇక్కడ కలిపిన బ్యాలెన్స్ షీట్ ఏం చెబుతోందో చెప్పాలి. బోనస్, స్ప్లిట్ తేడా దగ్గర తడబాటు మామూలే. రెండింటిలోనూ షేర్ల సంఖ్య పెరుగుతుంది. కానీ స్ప్లిట్‌లో ముఖ విలువ తగ్గుతుంది, బోనస్‌లో ముఖ విలువ అలాగే ఉండి రిజర్వుల నుంచి డబ్బు మూలధనంలోకి మారుతుంది. ఒకటికి ఒకటి బోనస్ తర్వాత ధర రూ. 800 నుంచి 400కి వచ్చినా ఈపీఎస్ (ఒక్కో షేరుకు లాభం) కూడా సగమవుతుంది కాబట్టి పీఈ (ధరను ఈపీఎస్‌తో భాగిస్తే వచ్చేది) మారదు. రైట్స్ (ఉన్న వాటాదారులకు తక్కువ ధరకు కొత్త షేర్లు ఇవ్వడం) లెక్క కూడా చేతిలో ఉండాలి. ధర రూ. 100, నాలుగు షేర్లకు ఒకటి చొప్పున రూ. 80కి ఇస్తే, రైట్స్ తర్వాతి సిద్ధాంత ధర 480ని 5తో భాగిస్తే వచ్చే రూ. 96. ఈ వర్క్‌బుక్‌లోని ఏదైనా పరిశ్రమ విశ్లేషణ చదివాక ఒక లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక తెరిచి నోట్స్ టు అకౌంట్స్ దాకా ఆపకుండా చదవగలిగితే ఈక్విటీ రీసెర్చ్, వాల్యుయేషన్, కార్పొరేట్ ఫైనాన్స్ మీవే. సీఎఫ్ఏ డబ్బు గురించి అప్పుడు ఆలోచించండి. 2024 డిసెంబరు సవరణలతో రీసెర్చ్ అనలిస్టుగా నమోదుకు కావాల్సిన చదువు కూడా సంబంధిత డిగ్రీ స్థాయికి దిగింది. బీకాం విద్యార్థికి ఇది చిన్న మార్పు కాదు.

ఈ పరీక్షలు చూపించలేని దారులూ ఉన్నాయి. బ్యాంకు రుణ విశ్లేషణ, బీమా, పన్నులు, కంపెనీ లోపలి ట్రెజరీ వీటిలో పెద్దగా కనిపించవు. 'నిస్మ్ ఏదీ నచ్చలేదు, ఫైనాన్స్ నాకు పనికిరాదు' అనే నిర్ణయానికి రావద్దు. బ్యాంకు రుణాల వైపు ఆసక్తి ఉందేమో చూడాలంటే ఒక మధ్యతరహా తయారీ కంపెనీ మూడేళ్ల ఖాతాలు తీసుకుని కరెంట్ రేషియో, వడ్డీ చెల్లించే సామర్థ్యం, అప్పు తీర్చే సామర్థ్యం లెక్కేసి, మీరైతే ఆ కంపెనీకి అప్పిస్తారో లేదో ఒక పేజీ రాయండి. ఆ ఒక్క పేజీ చాలా చెబుతుంది.

ఇక బయట అమ్మే 'అసలు ప్రశ్నల' పీడీఎఫ్‌ల సంగతి. వాటితో ప్రమాదం పాత జవాబులు. 2024 జులై 23 నుంచి ఈక్విటీ దీర్ఘకాలిక లాభాలపై పన్ను రూ. 1.25 లక్షలు దాటిన మొత్తానికి 12.5 శాతం, స్వల్పకాలికానికి 20 శాతం. పాత పీడీఎఫ్‌లలో 10, 15 శాతాలే కనిపిస్తాయి. షేర్ల సెటిల్‌మెంట్ (కొన్న షేర్లు, అమ్మిన డబ్బు చేతికి రావడం) 2023 జనవరికల్లా పూర్తిగా మరుసటి రోజుకు మారినా, వాటిలో ఇంకా రెండు రోజులనే రాసి ఉంటుంది. మీ పరీక్ష తేదీకి ఏ వర్క్‌బుక్ వర్తిస్తుందో వెబ్‌సైట్లో చూసుకుని అదే చదవండి. అధ్యాయం చివరి నమూనా ప్రశ్నలు చేసి, ఆ తర్వాతే మాక్ టెస్టుల జోలికి వెళ్లండి.

నమోదు తేలికే కానీ పాన్ కార్డు తప్పనిసరి. మన దగ్గర చిక్కంతా ఇంటిపేరుతో వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివరికి వెళ్తుంది. నమోదులో రాసిన పేరు, పరీక్ష రోజు చూపే గుర్తింపు కార్డు మీది పేరు కలవకపోతే ఇబ్బంది. ముందే సరిచేయించుకోండి. కేంద్రానికి ఒరిజినల్ కార్డు తీసుకెళ్లండి. క్యాలిక్యులేటర్ సంగతి హాల్ టికెట్‌లోని సూచనల్లో చూడండి. పరీక్ష ముగియగానే మార్కులు తెర మీద కనిపిస్తాయి. ఫెయిలైతే మళ్లీ రాయొచ్చు, ఫీజు మాత్రం మళ్లీ పూర్తిగా కట్టాలి.

ఎప్పుడు రాయాలన్న దగ్గర చాలామంది తొందరపడతారు. సర్టిఫికెట్ చెల్లుబాటు మూడేళ్లే. మూడో సెమిస్టర్‌లో రాసేస్తే డిగ్రీ అయ్యేలోపే సగం కాలం కరిగిపోతుంది. మూడు, నాలుగు సెమిస్టర్లలో మూడు వర్క్‌బుక్కులూ ఉచితంగా చదవండి. నచ్చిన ఒక్కదానికి అయిదో సెమిస్టర్ చివర్లో, ప్లేస్‌మెంట్లు మొదలయ్యే ముందు ఫీజు కట్టండి. బ్రోకరేజీ సంస్థల్లో ఉద్యోగం చూస్తున్నవాళ్లకు సిరీస్ 8 సర్టిఫికెట్ నేరుగా అక్కరకొస్తుంది. ఫండ్ అకౌంటింగ్ ఇంటర్వ్యూలో మాత్రం సర్టిఫికెట్ కాగితం కన్నా ఆ ఎన్ఏవీ లెక్కను బోర్డు మీద తప్పులేకుండా వేయగలగడమే ఎక్కువ పనిచేస్తుంది.