హ్యూస్టన్‌లో పాత కారు కొంటున్నారా? ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

హ్యూస్టన్‌కి కొత్తగా వస్తున్న మనవాళ్లు డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. వరదలో మునిగిన కారుని మంచి కారని నమ్మి 9,500 డాలర్లకు కొన్నాం. ఆరు నెలలు తిరక్కుండానే అది తుక్కు కింద పోయింది.

2024 మార్చిలో మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయి హైదరాబాద్ నుంచి హ్యూస్టన్ శివారు కేటీకి వచ్చాం. కంపెనీ అద్దె కారు రెండు వారాలకే ఇచ్చింది. ఇక్కడ కారు లేకపోతే కాళ్లు కట్టేసినట్టే. మెట్రో రైలు డౌన్‌టౌన్, మెడికల్ సెంటర్ వైపు తిరుగుతుంది గానీ కేటీ దాకా రాదు. పాలు అయిపోయినా కారు తీయాల్సిందే. క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి మేం అడిగిన చోటల్లా లోన్‌కి 18 శాతం పైనే వడ్డీ చెప్పారు. అందుకే చేతిలో ఉన్న డబ్బుతో పాత కారు తీసుకుందామనుకున్నాం. పదో రోజు వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. ఆ తొందరలోనే తప్పు చేశాం.

తెలిసినవాళ్ల ద్వారా ఒక తెలుగబ్బాయి పరిచయమయ్యాడు. "మీరేం కంగారుపడకండి అక్కా, మనవాళ్లకి చాలామందికి నేనే ఇప్పించాను" అంటూ నైరుతి హ్యూస్టన్‌లోని ఒక చిన్న కార్ల లాట్‌కి తీసుకెళ్లాడు. 2017 మోడల్ సెడాన్. 61,000 మైళ్లు తిరిగింది. తళతళలాడుతోంది. లోపల కూర్చోగానే గుప్పుమని సెంటు వాసన. శుభ్రంగా పెట్టుకున్నారు అనుకున్నాను. కాళ్ల కింద కార్పెట్ కూడా కొత్తదే. ఏడేళ్ల కారుకి కొత్త కార్పెట్ ఎందుకు వేశారో అడగాలని తట్టలేదు. కారు పాత చరిత్ర చెప్పే హిస్టరీ రిపోర్ట్ చూపించారు. యాక్సిడెంట్లు లేవు, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) క్లీన్. అదే రోజు డబ్బు కట్టేశాం. ధర మీద 6.25 శాతం టాక్స్ అదనం.

మే నెలలో వెనక అద్దం దిగడం మానేసింది. జూన్‌లో ఏసీ ఆన్ చేస్తే తడి గోనెసంచి వాసన. జూలైలో ఒక సాయంత్రం పాపని వెనక కూర్చోబెట్టుకుని ఐ-10 హైవే మీద వస్తుంటే డాష్‌బోర్డులో ఉన్న లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి, స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోయింది. పక్కన పెద్ద పెద్ద ట్రక్కులు. ఎలాగో రోడ్డు అంచున ఉండే షోల్డర్ మీదికి లాగి ఆపాను. రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. డబ్బు పోయినందుకంటే ఆ పది నిమిషాలకే నాకు ఎక్కువ కోపం.

బెల్లైర్ వైపు షెడ్డు నడుపుతున్న ఒక వియత్నామీ పెద్దాయన దగ్గరికి కారుని టోయింగ్ చేయించాం. ఆయన ఇంజిన్ జోలికి పోలేదు. డ్రైవర్ సీటు బెల్టుని చివరిదాకా, ఇక రానంతవరకు లాగారు. మామూలుగా వాడేటప్పుడు బయటికి రాని ఆ చివరి జానెడు మేర మట్టిరంగు చార ఉంది. అంతవరకు నీళ్లు నిలిచాయన్నమాట. తర్వాత డిక్కీలో స్టెప్నీ టైరు ఎత్తి చూపించారు. దాని కింద గుంటలో ఎండిపోయిన ఒండ్రు. సీటు కింద బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఇలాంటి కార్లు లెక్కలేనన్ని చూశానని చెప్పారు. వైర్ల కనెక్టర్ల లోపల తుప్పు నెమ్మదిగా తింటూ పోతుందట. అందుకే కొన్న రోజు బాగానే నడిచింది.

మరి రిపోర్ట్ క్లీన్‌గా ఎలా వచ్చింది? అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. రిపోర్ట్‌లో ఉండేది ఎవరో ఒకరు నమోదు చేయించిన సంగతి మాత్రమే. ఓనరు తన కారు మునిగిందని ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తేనే సాధారణంగా టైటిల్ మీద వరద కారు అన్న ముద్ర పడే అవకాశం ఉంటుంది. ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి మాత్రమే వర్తించే లయబిలిటీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే వరదకి పైసా రాదు. కాబట్టి క్లెయిమూ ఉండదు, రికార్డూ ఉండదు. కొందరైతే ముద్ర పడిన కారుని కూడా వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి ఆ ముద్ర పోగొడతారు. మా కారు రిపోర్ట్ మళ్లీ తీసి చూస్తే, 2021 జూలై వరకు పక్క రాష్ట్రం లూసియానాలో సర్వీసింగులు ఉన్నాయి. ఆ తర్వాత పది నెలలు ఏమీ లేదు. తర్వాత ఎంట్రీ టెక్సస్ వేలంలో. ఐడా తుఫాను లూసియానాని తాకింది 2021 ఆగస్టు 29న. ఆ ఖాళీ మా కళ్ల ముందే ఉంది, చూడలేదు.

డీలర్‌ని అడిగితే మేం సంతకం పెట్టిన కాగితం చూపించాడు. అమ్మే ప్రతి పాత కారు మీదా డీలర్ బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించాలి. అందులో 'యాజ్ ఈజ్' అన్న గడిలో టిక్ ఉంటే, కొన్నాక వచ్చే రిపేర్లకు అతనికి సంబంధం లేదని అర్థం. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చని మాకు ఇద్దరు ముగ్గురు చెప్పారు. కానీ డీలర్ లాట్‌లో కొన్న కారుకి అలాంటి హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. అయితే తెలిసి దాచిపెట్టి అమ్మితే 'యాజ్ ఈజ్' ఒక్కటే వాళ్లని కాపాడదు. టెక్సస్ డీఎంవీకి (రాష్ట్ర మోటారు వాహనాల శాఖ) డీలర్ మీద ఫిర్యాదు చేయొచ్చు. 20,000 డాలర్ల వరకు జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే చిన్న కోర్టులో లాయర్ లేకుండానే కేసు వేసుకోవచ్చు. మేం ఫిర్యాదు పెట్టాం. ఇంకా నడుస్తోంది.

కాబట్టి ఎంత తొందరున్నా అద్దె కారు ఇంకో వారం సొంత డబ్బుతో పొడిగించుకోండి. డీలర్‌తో సంబంధం లేని మెకానిక్‌కి 150, 200 డాలర్లు ఇచ్చి కారు మొత్తం చూపించండి. అందుకు ఒప్పుకోని చోట నిలబడకండి. ఇన్సూరెన్స్ మోసాలను పట్టుకునే ఎన్ఐసీబీ అనే సంస్థ సైట్‌లో విన్ నంబర్ (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) కొట్టి ఉచితంగా చూసుకోండి, కానీ అక్కడ ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండకండి. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. హ్యూస్టన్ ప్రాంతంలోని హ్యారిస్, ఫోర్ట్ బెండ్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. సర్కారు వాళ్లు ఎలాగూ చూస్తారులే అనుకోవడానికి లేదు.

అపార్ట్‌మెంట్ తీసుకునేటప్పుడు కూడా నీళ్ల సంగతి అడగండి. గత ఐదేళ్లలో ఆ ఇంట్లోకి వరద వచ్చి ఉంటే, ఆ విషయం తెలిసిన ఓనరు లీజుకి ముందే రాసివ్వాలని 2022 నుంచి చట్టం ఉంది. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

మాకు కారు ఇప్పించిన ఆ తెలుగబ్బాయి సెప్టెంబర్‌లో మళ్లీ ఫోన్ చేశాడు. "రిపోర్ట్ క్లీనే కదా అక్కా, కొత్తగా వచ్చినవాళ్లెవరికైనా 6,000కి ఇప్పిస్తాను" అన్నాడు. మా చేతికి ఆ కారు ఎలా వచ్చిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఫోన్ పెట్టేసి, నీళ్లలో మునిగిన బండి అని రాతపూర్వకంగా ఇచ్చి, కార్లని విడిభాగాలుగా విప్పి అమ్మే యార్డుకి 1,100 డాలర్లకు ఇచ్చేశాం. నంబర్ ప్లేట్లు మేమే విప్పి ఇంటికి తెచ్చుకున్నాం.