డిక్కీ మూత వైర్లకు సిలికాన్ వైరు: ఐదారేళ్ళ వాడకం తర్వాత

మా సెడాన్‌లో డిక్కీ మూతకు వెళ్ళే వైర్లు కీలు దగ్గర ఎక్కడైతే వంగుతాయో, ఆ ముక్క వరకూ కోసి తీసేసి, దాని బదులు సిలికాన్ తొడుగున్న వైరు వేసి ఐదారేళ్ళయింది. బండి 2012 మోడల్. ఉండేది విజయవాడలో, అదీ నీడ లేని చోట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండంతా డిక్కీ మీదే. అయినా కొత్తగా వేసిన వైర్లలో ఇంతవరకు ఒక్కటీ తెగలేదు. అంతకుముందు అదే చోట మెలితిప్పి టేపు చుట్టించిన అతుకులు ఏడాది కూడా ఆగలేదు. కాబట్టి ఇది మెచ్చుకునే సమీక్షే. సిలికాన్ వైరుకు దాని తిప్పలు దానికున్నాయి, అవీ చెప్తాను.

ముందు ఈ జబ్బు ఎలా మొదలవుతుందో. ఒక్కసారిగా బయటపడదు, అదే దీంతో చిక్కు. మొదట నంబర్ ప్లేటు దీపం పోయింది. బల్బు మార్చాం, వెలిగింది, కొన్నాళ్ళకు మళ్ళీ పోయింది. పాత బల్బు కూడా బాగానే ఉందని తర్వాత తెలిసింది. బల్బు మార్చడానికి డిక్కీ తెరిచి మూసిన కుదుపుకి లోపల తెగిన కొసలు రెండూ కలిశాయి, అంతే. ఆ తర్వాత రివర్స్ కెమెరా మొదలుపెట్టింది. డిక్కీ కాస్త గట్టిగా వేస్తే బొమ్మ వచ్చేది, మెల్లగా వేస్తే నల్ల తెర.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, పార్కింగ్ లైట్లు ఆపేసి ఉన్నా బ్రేకు తొక్కితే నంబర్ ప్లేటు దీపం మిణుకుమిణుకుమంటూ వెలిగేది. దీని వెనక లెక్క తెలిస్తే సగం రిపేరు అయినట్టే. మూతలో ఉన్న దీపాలన్నిటికీ ఎర్త్ వైరు, అంటే కరెంటు బండి బాడీకి తిరిగిపోయే వైరు, ఒక్కటే. అది తెగితే మూతలోని బ్రేకు దీపం దాకా వచ్చిన కరెంటుకు తిరిగిపోయే దారి లేదు. అప్పుడది పక్కనున్న నంబర్ ప్లేటు బల్బు ఫిలమెంటులోంచి ఎదురెక్కి, పార్కింగ్ లైట్ల వైరు పట్టుకుని, బాడీకున్న టెయిల్ ల్యాంపుల గుండా ఎర్త్ చేరుకుంటుంది. ఒక స్విచ్చి వేస్తే సంబంధం లేని ఇంకో దీపం మసకగా వెలిగిందంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. బల్బులూ ఫ్యూజులూ మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు.

చివరికి ఒకరోజు బటన్ నొక్కితే డిక్కీ తెరుచుకోలేదు. లోపల పెళ్ళి సామాను. వెనక సీటు మడిచి మా బావమరిది లోపలికి పాకాడు. అతను సన్నగా ఉండబట్టి సరిపోయింది.

కొందరి బండ్లలో ఇంకో దశ కూడా వస్తుంది. పవర్ వైరు తొడుగు చిట్లి రాగి బయటపడి కీలు ఇనుముకు తగులుతుంది, ఫ్యూజు పోతుంది. పోయిన ఫ్యూజు బదులు ఎక్కువ ఆంపియర్లది పెట్టి ‘ఇప్పుడు పోదులెండి’ అనేవాళ్ళు ఉన్నారు. నిజమే, ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది.

వైర్లు అక్కడే ఎందుకు తెగుతాయి? బైండింగ్ వైరును అటూ ఇటూ వంచి తెంపుతామే, అదే పని డిక్కీ తెరిచి మూసిన ప్రతిసారీ మనకు తెలియకుండా జరుగుతోంది. బాడీకీ మూతకీ మధ్య వైర్ల కట్ట ఒక రబ్బరు గొట్టంలోంచి వెళ్తుంది. గొట్టం రెండు కొసలూ రేకులో బిగిసి ఉంటాయి గనుక వంపంతా ఒకే చోట పడుతుంది. ఏళ్ళ తరబడి ఎండకు పీవీసీ తొడుగు గట్టిపడుతుంది, చలికాలం ఉదయాన వంచితే చిట్లుతుంది. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. యాక్సెసరీస్ షాపులో కెమెరా పెట్టించుకుంటాం. దాని కేబులు కూడా ఆ గొట్టంలోనే కుక్కుతారు, దూరకపోతే గొట్టాన్ని బ్లేడుతో చీల్చి దూరుస్తారు. ఇరుకులో వైర్లు జరగలేవు, చీలికలోంచి నీళ్ళు దిగుతాయి. మా గొట్టం విప్పినప్పుడు లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది.

మొదట ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్‌కు చూపించాం. ‘తెగినవి కలిపేస్తానండీ, హార్నెస్ మార్చాలంటే కంపెనీ నుంచి రావాలి, అది మీకు గిట్టదు’ అన్నారు. హార్నెస్ అంటే మొత్తం వైర్ల కట్ట. అరగంటలో తెగినచోటే మెలితిప్పి, సోల్డర్ పెట్టి, నల్ల టేపు చుట్టి ఇచ్చేశారు. తీసుకున్న డబ్బుకు అది న్యాయమైన పనే. కానీ ఆ పద్ధతే నిలిచేది కాదు. సోల్డర్ కరిగి పోగుల్లోకి పాకుతుంది, పాకినంత మేరా వైరు పుల్లలా బిర్రబిగుస్తుంది. ఇక వంపంతా ఆ బిర్రు ఆగిపోయే అంచు మీదే పడుతుంది. కొన్ని నెలలకు సరిగ్గా అతుకు పక్కనే తెగింది. అది కాకుండా ఇంకో రెండు వైర్లు వాటంతట అవే తెగాయి. ఒకే కట్టలో ఒకే వయసు వైర్లు కదా, ఒకటి పోయిందంటే మిగతావి వరసలో ఉన్నట్టే.

అందుకే ఈసారి తెగినవీ తెగనివీ అన్నీ మార్చాం. దానికి ముందు ఏది బాగుందో ఏది లేదో చూసుకోవడం గురించి ఒక మాట. మల్టీమీటర్ కూసింది కాబట్టి వైరు బాగుందనుకోవద్దు. కంటిన్యుటీలో, అంటే వైరు తెగిందో లేదో కూతతో చెప్పే సెట్టింగులో, మీటరు పంపేది మహా అయితే ఒకటి రెండు మిల్లీఆంపియర్లు. వైరులో ఒక్క పోగు మిగిలినా కూత వస్తుంది. 21 వాట్ల బల్బుకు కావాల్సింది ఇంచుమించు 1.75 ఆంపియర్లు, దానికి ఆ ఒక్క పోగు చాలదు. సరైన పరీక్ష దీపం వెలిగించి చేసేది. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస దీపం ఎర్త్ పిన్నుకీ, రెండోది బాడీ మీద పెయింటు లేని బోల్టుకీ ఆనించాలి. 0.1, 0.2 వోల్టుల లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. మాది రెండు వోల్టుల పైన చూపించింది. ఆపైన గొట్టం జరిపి ఒక్కో వైరునూ వేళ్ళతో మెల్లగా లాగి చూడాలి. లోపల రాగి తెగిన వైరు తొడుగు రబ్బరులా సాగుతుంది, పైకి చూస్తే మాత్రం నిక్షేపంలా ఉంటుంది.

ఇక వైరు. షాపులో ‘ఒక ఎంఎం వైరు’ (అంటే ఒక చదరపు మి.మీ.) అని అడిగితే ఇచ్చే ఇంటి వైరులో 0.3 మి.మీ. మందం పోగులు 14 ఉంటాయి. ఫ్లెక్సిబుల్ అని అడిగితే 0.2 మి.మీ. పోగులు 32. నేను వాడిన 18 గేజ్ సిలికాన్ వైరులో 0.08 మి.మీ. పోగులు 150. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు. పోగు ఎంత సన్నమైతే వంగినప్పుడు దాని మీద పడే ఒత్తిడి అంత తక్కువ, కాబట్టి అన్ని ఎక్కువసార్లు వంగుతుంది. పైనున్న సిలికాన్ 200 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, చలికి బిగుసుకుపోదు. చేత్తో పట్టుకుంటే దారంలా జారిపోతుంది. డ్రోన్లకూ రిమోట్ కార్లకూ వాడే సరుకు కాబట్టి మామూలు ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరకదు. నేను హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను, మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. ఆన్‌లైన్‌లో రోబోటిక్స్ సామాన్లు అమ్మే చోటా ఉంటుంది. పోగులు వెండి రంగులో ఉన్నాయని అల్యూమినియం అనుకుని వెనక్కి ఇచ్చేయకండి, అది రాగి మీద తగరం పూత.

ఒక ఇబ్బంది ముందే తెలుసుకోవాలి. సిలికాన్ తొడుగు లావు. 18 గేజ్ వైరు బయటి మందం 2.3 మి.మీ. దాకా ఉంటుంది, కార్లో వచ్చే వైరు అంతకన్నా సన్నం. అన్నీ 18 గేజ్ వేస్తే గొట్టంలో పట్టవు. అందుకే ఎర్త్‌కూ లాక్ మోటారుకూ 18, దీపాలకూ స్విచ్చి వైర్లకూ 20 గేజ్ వేశాను. 20 గేజ్‌లో 100 పోగులు, మందం 1.8 మి.మీ. ఈ దీపాలకు అది ఎక్కువే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. తీశాక డిక్కీ మూత పొరపాటున పడకుండా లాక్ మీద గుడ్డ కుక్కి ఉంచండి. కరెంటుతో తెరుచుకునే డిక్కీ, బ్యాటరీ లేకుండా మూసుకుపోతే మళ్ళీ బావమరిదిని పిలవాల్సిందే. గొట్టం ఊడదీయడానికి హెయిర్ డ్రయ్యర్ గాలి చాలు, రబ్బరు మెత్తబడుతుంది. కోయడం మాత్రం ఒక్కో వైరే. ఒకటి కోసి, కొత్తది కలిపి, దీపం చూసుకుని తర్వాతది కోయాలి. ఒకే రంగు వైర్లు రెండు ఉండే బండ్లు ఉన్నాయి, అన్నీ కోశాక తెలిస్తే గుండె జారుతుంది. పరీక్షకు బ్యాటరీ తగిలించిన ప్రతిసారీ బయట వేలాడే కొసలు రేకుకు తగలకుండా చూసుకోవాలి.

అసలు కిటుకు అతుకులు ఎక్కడ పెట్టామన్న దాంట్లో ఉంది. వంగే చోట ఒక్క అతుకు కూడా ఉండకూడదు. మాకు ఒక వైపు అతుకులు డిక్కీ లోపలి అట్ట వెనక, రెండో వైపు మూత లోపలి రేకు మడతలో పడ్డాయి, కీలుకు జానెడు పైనే దూరం. ఒక్కో వైరుకు ముప్పావు మీటరు దాకా పట్టింది. అతుకులన్నీ ఒకే చోట పడితే కట్ట ఉండలా లావెక్కుతుంది, కాబట్టి ఒక్కోటి వేలెడు తేడాలో ముందూ వెనకగా పెట్టాలి. సోల్డర్ పెట్టలేదు, రాచెట్ క్రింపరుతో (నొక్కి బిగించే పట్టకారు) రాగి బట్ కనెక్టర్లు (రెండు కొసలూ ఎదురెదురుగా దూర్చే చిన్న గొట్టాలు) నొక్కి, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. వేడికి స్లీవ్ కుంచించుకుని జిగురు అంచుల్లోంచి కొద్దిగా బయటికి వస్తే నీరు చొరబడదని అర్థం. మధ్యలో సోల్డర్ రింగున్న పారదర్శకం స్లీవులు కూడా కొన్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ సోల్డర్ సరిగా కరిగిందో లేదో తెలియకముందే స్లీవ్ అంటుకుపోతుంది. అట్ట వెనక కదలని చోటికైతే సరే, నేను మళ్ళీ కొనను.

గొట్టంలోంచి సిలికాన్ వైర్లు లాగడం చెమటలు పట్టించే పని. రబ్బరుకూ సిలికాన్‌కూ పట్టు ఎక్కువ, రెండూ అంటుకుపోతాయి. వైర్లకు ముఖానికి రాసే పౌడరు రాసి, గట్టి దారం కట్టి లాగితే వచ్చాయి. లోపల కట్టను టేపుతో బిగించి చుట్టకూడదు, వంగినప్పుడు వైర్లు ఒకదాని మీద ఒకటి జరగాలి. రెండు కొసల దగ్గర మాత్రం గుడ్డ టేపు. చివర్న మూత పూర్తిగా తెరిచీ, పూర్తిగా మూసీ చూడాలి, ఏ స్థితిలోనూ వైరు బిర్రుగా లాగబడకూడదు, కీలు చెయ్యి వైర్ల మీదుగా పోకూడదు.

ఇన్నేళ్ళలో ఏమేమి చూశానంటే. నేను ఏటా వానలకు ముందు గొట్టం జరిపి చూస్తుంటాను. పోగులు తెగిన జాడ లేదు, లాగితే ఏ వైరూ సాగదు. ఎర్త్ పరీక్షలో వోల్టేజీ మొదట్లో ఎంతో ఇప్పుడూ ఇంచుమించు అంతే. గుడ్డ టేపు చెక్కుచెదరలేదు. పక్కన ఒకచోట పాత పీవీసీ టేపు వదిలేశాం, అది మాత్రం ఎండకు జిగురు కారి చేతికి అంటుకుంటోంది. సిలికాన్ తొడుగుకు ఉన్న అసలు లోపం, దానికి కోతకు తట్టుకునే బలం లేదు. రేకు అంచు తగిలే చోట ఒక వైరు మీద గాటు పడింది, గోరుతో గట్టిగా గీరినా చిరిగేలా ఉంటుంది. అక్కడ జాలీ స్లీవ్ తొడిగాక మళ్ళీ గాటు లేదు. మీరు వేసేటట్టయితే రేకు దగ్గర ముందే తొడగండి. దుమ్ము బాగా పడుతుంది, దానివల్ల నష్టం లేదు. రంగులు మరో తలనొప్పి. షాపులో ఎరుపు, నలుపు, పసుపు, నీలం లాంటివి తప్ప చారల వైర్లు ఉండవు. కొసలకు కాగితం చీటీ చుట్టి పైన పారదర్శకం స్లీవ్ వేశాను, ఎవరైనా తర్వాత విప్పితే అర్థం కావాలి కదా.

ఖర్చు చూస్తే వైరు, స్లీవులు, కనెక్టర్లు, టేపు అన్నీ కలిపి వెయ్యి రూపాయల్లోపే. క్రింపరు వేరు. కంపెనీ హార్నెస్‌కు చెప్పిన ధర దీనికి ఎన్నో రెట్లు, పైగా అందులో వచ్చేది మళ్ళీ అదే పీవీసీ వైరు. జర్మనీలో మెట్జ్‌గర్, హెర్త్ ప్లస్ బస్ లాంటి కంపెనీలు ఒక్కో మోడలుకు తగ్గట్టు ఈ ముక్క వరకే రిపేరు కిట్లు అమ్ముతాయి. అక్కడి కార్లు వాడేవాళ్ళకు అదే సులువు. మన సెడాన్లకు అలాంటి కిట్టు నాకు కనబడలేదు.

హ్యాచ్‌బ్యాక్ వాళ్ళు మాత్రం నా గేజులు చూసి వేయకండి. వాటికి వెనక అద్దం మీది ఆవిరిని పోగొట్టే డీఫాగర్ వైరు కూడా మూతలోకే వెళ్తుంది, అది పది ఆంపియర్ల పైన లాగుతుంది. దానికీ దాని ఎర్త్‌కూ కనీసం 14 గేజ్, అంటే రెండు చదరపు మి.మీ. సిలికాన్ వైరు కావాలి. వెనక వైపరుకు నీళ్ళ గొట్టం పక్కనే ఉంటే అది కారుతోందేమో చూడాలి, చాలా బండ్లలో చిలుముకు మూలం అదే.

మా బండిలో ఇప్పుడు మిగిలిన బలహీనత కెమెరా కేబులొక్కటే. దాని లోపల సన్నని కోయాక్స్ వైరు (మధ్య తీగ చుట్టూ జాలీ ఉండేది) ఉండటంతో మధ్యలో కోసి సిలికాన్‌తో కలపడం కుదరలేదు, పాతదే ఉంచేశాను. ఈ మధ్య తెర మీద మళ్ళీ గీతలు వస్తున్నాయి. కొత్త కేబులు తెప్పించాను, కానీ ఈసారి దాన్ని ఆ గొట్టంలో దూర్చను. రెండో కీలు వైపు రేకులో ఖాళీ రంధ్రానికి రబ్బరు బిరడా ఉంది, అటునుంచి వేరే గొట్టంలో తీసుకెళ్తాను.